టీకా తేదీ, పని తేదీ ఒక్కటైనప్పుడు
(సంఘాల కార్యదర్శులు, పాలపరీక్షకులు, పాలకవర్గ సభ్యుల కొరకు)

పాడి ఉన్న ఇంట్లో రెండు పనులు ఒకే పూటకు వచ్చి పడడం కొత్త సంగతి కాదు. ఆ రెండింటిలో ఒకటి టీకా అయితే మాత్రం సాధారణంగా టీకాయే వెనక్కు పోతుంది. కారణం తెలిసిందే. పని మానితే నష్టం సాయంత్రానికే కనిపిస్తుంది. టీకా మానితే నష్టం ఎప్పుడో కనిపిస్తుంది, ఒక్కొక్కసారి కనిపించకనే పోతుంది. శిక్షణ తరగతులలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు "టీకాయే ముందు" అని చెప్పి ముగించడం మాకు సులభమే. కాని తెల్లవారుజామున పాలకేంద్రం తలుపు తీయవలసిన మనిషికి ఆ జవాబు చాలదు. ఆయన రాకపోతే ఆ పూట ఊరి పాలు కొలిచేవారుండరు. అందుచేత ఈ పాఠంలో తూకం ఎలా వేయాలో చూద్దాం. కొన్ని టీకాలు నాలుగు రోజులు ఆగుతాయి, కొన్ని ఒక్క పూట కూడా ఆగవు. పనుల సంగతీ అంతే.

తేదీ ఎవరు పెట్టినది?

హైదరాబాదులో పంజాగుట్ట మన సభ్యులకు తెలియని చోటు కాదు. జిల్లాల నుంచి పెద్ద జబ్బులతో వచ్చేవారు దిగేది అక్కడి నిమ్స్ ఆసుపత్రి ముందే. కరోనా రోజులలో ఆ ఆసుపత్రిలో జరిగిన ఒక పని మన పాఠానికి బాగా ఉపయోగిస్తుంది.

హైదరాబాదులోనే భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన కోవాగ్జిన్ టీకాను 2020 జులైలో మొదటిసారి మనుషులకు వేసి పరీక్షించారు. అందుకు ఎంపికైన ఆసుపత్రులలో నిమ్స్ ఒకటి. మొదటి దశలో దేశం మొత్తం మీద 375 మంది ఆరోగ్యవంతులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. వారిలో 300 మందికి టీకా, పోల్చి చూడడానికి 75 మందికి టీకా పదార్థం లేని సూది. మొదటి సూది వేసిన 14వ రోజున రెండవది వేయించుకోవాలి. ఆ తరువాత కూడా రక్తం ఇవ్వడానికి చెప్పిన తేదీలకు రావాలి. ఉద్యోగమున్నా, వ్యాపారమున్నా ఆ తేదీలకు వస్తామని ఒప్పుకున్నవారే అందులో చేరారు.

ఇదే సమయంలో ఇంకొక తేదీ కూడా వినిపించింది. భారత వైద్య పరిశోధన మండలి అధిపతి 2020 జులై 2న పరీక్షలు జరుపవలసిన ఆసుపత్రులకు రాసిన ఉత్తరంలో ఆగస్టు 15 నాటికి టీకాను ప్రజలకు అందించాలన్న ఉద్దేశం కనిపించింది. ఆరు వారాలలో అది సాధ్యం కాదని శాస్త్రవేత్తలు ఎందరో అన్నారు. చివరకు ఆ టీకాకు అత్యవసర వినియోగానికి అనుమతి వచ్చింది 2021 జనవరి 3న. జనవరి 16న దేశమంతటా టీకాలు మొదలైనప్పుడు నిమ్స్ కూడా ఒక కేంద్రం.

ఇక్కడ రెండు రకాల తేదీలున్నాయి. ఆగస్టు 15 మనుషులు పెట్టుకున్నది. అది కదిలింది, కదిలినందువల్ల టీకాకు మేలే జరిగింది. రెండవది, టీకా పడిన శరీరం దాన్ని గుర్తుపట్టి రక్షణ తయారుచేసుకోవడానికి పట్టే వ్యవధి. అది ఉత్తరాలతో తగ్గదు. రెండు పనులు ఒకే రోజున పడినప్పుడు మనం వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇదే: ఈ తేదీ పెట్టింది ఎవరు? రోగమా, శరీరమా, మందు తెచ్చిన బృందమా, లేక ఒక ఆఫీసులో కూర్చున్న మనిషా?

ఒక్క పూట కూడా ఆగనిది

రోగం పెట్టిన తేదీకి కుక్కకాటును మించిన ఉదాహరణ లేదు. ఇది మన వృత్తికి దూరపు సంగతి కూడా కాదు. పాల వ్యాపారం నడిచేదే కుక్కలు వీధిని ఏలే వేళలో. ఊళ్లో చీకటి ఉండగానే క్యాను పట్టుకుని కేంద్రానికి నడిచే రైతుకూ, అదే వేళకు పంజాగుట్ట, అమీర్‌పేట సందులలో ఇంటింటికీ ప్యాకెట్లు వేసే కుర్రవాడికీ ప్రమాదం ఒకటే.

ఒక పాలపరీక్షకుణ్ణి సోమవారం ఉదయం కుక్క కరిచిందనుకుందాం. గురువారం సంఘానికి ఆడిటు ఉంది. కరిచిన రోజును వైద్యులు సున్నా రోజుగా లెక్కిస్తారు. ఆ రోజున వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడిగితే 15 నిమిషాలు ఎంత ఎక్కువో తెలుస్తుంది. చాలామంది రెండు చెంబులతో సరిపెడతారు. పసుపు, సున్నం, కారం పెట్టరాదు. ఆ రోజే మొదటి టీకా. చర్మం చీలి రక్తం వచ్చిన గాయమైతే, గాయంలోను చుట్టూను వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ మందు కూడా కావాలి. టీకా పనిచేయడానికి రోజులు పడుతుంది. ఈ మందు ఆ లోపల కాపు కాస్తుంది. హైదరాబాదులో కుక్కకాటు టీకాలకు పేరుబడ్డది నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. పల్లెలవారు ముందు తమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి.

తరువాతి టీకాలు 3, 7, 28 రోజులకు. కండకు వేసే పద్ధతిలో 14వ రోజున ఇంకొకటి ఉంటుంది. సోమవారం కాటు పడితే మూడవ రోజు గురువారం, ఏడవ రోజు మళ్లీ సోమవారం. ఆడిటు రోజే రెండవ టీకా పడుతుందన్నమాట. "ఆడిటు అయినంక పోత తియ్ సారూ, ఒక్క దినానికి ఏమైతది" అంటాడు మనవాడు. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత మనిషి దక్కడం దాదాపుగా లేదు. ఆడిటరు ఇంకొక రోజు రాగలడు, లేదా వచ్చిన రోజునే రెండు గంటలు ఆగగలడు. ఇక్కడ తూకం వేయవలసిన పనే లేదు.

ఒకవేళ ఏ కారణం చేతనైనా మధ్యలో ఒక టీకా తప్పితే, ఇక పోయి లాభం లేదని మానివేయరాదు. గుర్తు వచ్చిన రోజునే పోవాలి. సాధారణంగా ఆగిన చోటి నుంచి కొనసాగిస్తారు, మొదటి నుంచి మొదలుపెట్టరు.

ఈ టీకా అంటే పెద్దవారికి ఉన్న భయానికి ఒక కారణముంది. వెనుకటి రోజులలో గొర్రె మెదడు నుంచి తయారయ్యే సెంపుల్ టీకా ఉండేది. దాన్ని పొట్ట మీద, రోజూ ఒకటి చొప్పున, పద్నాలుగు వరకు పొడిచేవారు. రెండు వారాలు కూలి పోయేది, బస్సు ఛార్జీ అదనం. సగంలో మానినవారిని మనం తప్పు పట్టలేము. మన దేశంలో ఆ టీకా తయారీ 2004 చివరకు నిలిచిపోయింది. ఇప్పటిది చేతికి వేసేది, నాలుగయిదు సార్లతో సరి. ఇంత తేలికైన తరువాత కూడా పాత భయంతోనో, కొత్త పనితోనో మానితే మాత్రం ఒప్పుకోరాదు.

నాలుగు రోజులు ఆగేవి

అన్ని టీకాలూ ఇటువంటివి కావు. ఆ సంగతి చెప్పకుండా అన్నిటికీ ఒకే భయం పెడితే సభ్యులు దేనినీ నమ్మరు.

2021లో కోవిషీల్డు టీకా రెండవ మోతాదు విషయం గుర్తు చేసుకోండి. మొదట నాలుగు వారాలకన్నారు. మార్చిలో ఆరు నుంచి ఎనిమిది వారాలన్నారు. మే 13న పన్నెండు నుంచి పదహారు వారాలకు మార్చారు. ఊళ్లలో చాలామంది దీన్ని చూసి "వాళ్లకే తెలియదు" అని నవ్వారు. ఎడం మరికొంత ఉంటే రక్షణ బాగుంటుందని అధ్యయనాలు చెప్పిన తరువాత మార్చిన తేదీ అది. దాని నుంచి మనం తీసుకోవలసిన అర్థం వేరు: అటువంటి టీకాకు తొందరపడి ముందుగా పోరాదు గాని, చెప్పిన తేదీకి నాలుగు రోజులు ఆలస్యమైతే కొంప మునగదు. వరినాట్లకు కూలీలు దొరికిన రోజున అటువంటి టీకా పడితే నాట్లు వేసుకుని తరువాతి వారం పోవచ్చు. ఒక షరతు: ఏ రోజు పోతారో ఆ రోజే నిర్ణయించుకోవాలి. తేదీ లేని వాయిదా వాయిదా కాదు, మానివేయడమే.

మరొక చిన్న సంగతి. పెద్దవారికి కొన్ని టీకాల తరువాత ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పులు, జ్వరం రావచ్చు. రాత్రంతా కళ్లం కాపలా ఉన్న రోజునో, వ్యాను ఒంటరిగా నడపవలసిన రోజుకు ముందునాడో వేయించుకోవడం కంటే, మరుసటి రోజు తేలిక పని ఉండేటట్లు చూసుకోవడం మంచిది. కుక్కకాటు విషయంలో మాత్రం ఈ ఎంపిక లేదు.

చంటిపిల్లల టీకాలు ఈ రెండింటికీ నడుమ ఉంటాయి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసేవి, తొమ్మిది నెలలు నిండగానే వేసే తట్టు టీకా కొద్ది రోజులు ఆలస్యమైనా వేస్తారు. కాని ఆలస్యమైన ప్రతి రోజూ పసిబిడ్డ రక్షణ లేకుండా ఉన్న రోజే. మన ఊళ్లలో ఈ టీకాలు ఎక్కువగా బుధ, శనివారాలలో వేస్తారు. పాలు పోయడానికి వచ్చే తల్లులు ఆ వారాలలో తొందరపడుతుంటే వరుసలో వారిని ముందుకు పంపడానికి పాలకవర్గం తీర్మానం అక్కరలేదు. పరీక్షకునికి తోస్తే చాలు.

పశువుల టీకాలు: తేదీ బృందానిది, వయసు దూడది

పశువుల విషయానికి వస్తే తేదీ పెట్టేది రైతు కాదు. గాలికుంటు టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, గడ్డ కట్టరాదు. మంచుపెట్టెతో బృందం ఊరికి వచ్చిన రోజే తేదీ. మరునాడు వారు పక్క ఊళ్లో ఉంటారు. ఒక్క గేదె కోసం తిరిగి రమ్మంటే కుదరదు.

2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ కార్యక్రమం కింద గాలికుంటుకు ఆరు నెలలకొకసారి టీకాలు వేస్తున్నారు. ఆ టీకా తయారుచేసే సంస్థలలో ఒకటి మన సహకార పాడి కుటుంబానిదే. జాతీయ పాడి అభివృద్ధి మండలి 1982లో స్థాపించిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ అది; గచ్చిబౌలిలో ఉంది. కుక్కకాటుకు మనుషులకు వేసే టీకాను కూడా ఆ సంస్థ తయారుచేస్తుంది.

రైతు వెనుకాడేది పాలు తగ్గుతాయని. ఆ మాట అబద్ధం కాదు. కొన్ని పశువులు టీకా తరువాత రెండు మూడు రోజులు కాస్త తగ్గిస్తాయి. ఇంట్లో పెళ్లి ఉంది, పాల బిల్లు మీద ఆశ ఉంది, ఇప్పుడే ఎందుకని అడిగేవారిని కసరుకోరాదు. వారితో కూర్చుని లెక్క వేయాలి. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు: రోజుకు 8 లీటర్లిచ్చే ఆవు టీకా వల్ల మూడు రోజులు లీటరు చొప్పున తగ్గితే పోయేది 3 లీటర్లు. అదే ఆవుకు గాలికుంటు సోకి నెల రోజులు సగం పాలే ఇస్తే పోయేది 120 లీటర్లు. నోట్లో పుండ్లతో మేత ముట్టకపోవడం, గిట్టల మధ్య పుండ్లతో కుంటడం, పాలు తాగే దూడ చనిపోవడం ఈ లెక్కలో లేవు. తరువాత ఎద సరిగా రాకపోవడం కూడా లేదు. ఇవన్నీ కలిపితే ఎంతవుతుందో రైతుకు మనకంటే బాగా తెలుసు.

"పక్క ఊళ్లో జబ్బు వచ్చిందని వింటే అప్పుడు వేయిద్దాం" అనేవారూ ఉన్నారు. టీకా వేసిన రోజునే రక్షణ రాదు. అది కుదురుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈ రోగం గాలితో, మేతతో, సంతలో పశువులు కలవడంతో, చివరకు మన చెప్పులతో కూడా వస్తుంది. మూడు వారాలు అది ఊరి బయట ఎదురుచూస్తూ కూర్చోదు. దూడలకు నాలుగు నెలల వయసులో మొదటిసారి వేసి, నెల తరువాత మళ్లీ వేయించాలి. ఆ రెండవది మరిచిపోయే ఇళ్లు ఎక్కువ.

నాట్ల రోజున బృందం వస్తే ఏం చేయాలి? పశువుకు టీకా వేయడానికి యజమానే పట్టుకోవాలన్న నియమం లేదు. ఉదయం పాలు పితికి, పశువును ఇంటి దగ్గరే కట్టివేసి, పక్కింటి వదినకో, ఇంట్లో ఉన్న తాతకో చెప్పి, చెవిపోగు నంబరు కాగితం మీద రాసి ఇచ్చి పొలానికి పోవచ్చు. నెలలు నిండుతున్న చూడి పశువు, జ్వరంతో ఉన్న పశువు ఉంటే ఆ సంగతి విధిగా డాక్టరుగారికి చెప్పించాలి. నష్టం జరిగేది ఎవరికీ చెప్పకుండా పశువులను మేతకు తోలినప్పుడే.

వీటన్నింటిలో కఠినమైన తేదీ ఈసుడు రోగం టీకాది. దీనినే బ్రూసెల్లా అంటారు. పశువులు చూడితో ఉండి ఈసుకుపోవడం దీని లక్షణం. మనుషులకు కూడా సోకి, వస్తూ పోతూ ఉండే జ్వరం, కీళ్లనొప్పులు తెచ్చే జబ్బు ఇది. పెయ్యదూడలకు మాత్రమే, 4 నుంచి 8 నెలల వయసులో, జన్మలో ఒక్కసారి వేస్తారు. ఇది ప్రాణమున్న సూక్ష్మజీవి టీకా కనుక చూడి పశువుకు వేస్తే ఈసుకుపోయే ప్రమాదముంది, మగదూడలకు వేయరు. ఈ సారి బృందం వచ్చినప్పుడు ఆరు నెలలున్న పెయ్య, వారు మళ్లీ వచ్చేసరికి వయసు దాటిపోవచ్చు. తిరిగి రాని తేదీ అంటే ఇదే. ప్రతి పెయ్య పుట్టిన తేదీ సంఘం పుస్తకంలో ఉంటే, ఎవరి ఇంట్లో ఎప్పుడు గడువు తీరుతుందో గోపాలమిత్రకు ముందే చెప్పవచ్చు.

ఊరంతా ఒకేసారి వేయించడం వల్ల ఏమవుతుందో చూడాలంటే ముసర వ్యాధి సంగతి చూడండి. ఒకప్పుడు మందలకు మందలను ఊడ్చిన ఆ రోగం ఇప్పటి గోపాలమిత్రలు కంటితో చూసి ఉండరు. 2006లో మన దేశానికి, 2011లో ప్రపంచానికే అది పోయిందని ప్రకటించారు. టీకాల బృందాలు వచ్చిన రోజున పని మాని పశువులను కట్టి ఉంచిన రైతుల పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ లేవు.

ఇక పని వైపు

పనికి కూడా అదే ప్రశ్న. ఈ తేదీ ఎవరు పెట్టినది? పొదుగు పెట్టిన తేదీ రోజుకు రెండుసార్లు వస్తుంది, ఆగదు. పితికిన పాలు ఎండాకాలంలో గంటలు ఆగవు. వరినారు ముదిరితే ఆగదు. ఆడిటు, సర్వసభ్య సమావేశం, బ్యాంకు పని, శిక్షణ తరగతి, సూపర్‌వైజరు తనిఖీ మనుషులు పెట్టుకున్నవి. ఇవి ఆగుతాయి, ఆగాలి. సర్వసభ్య సమావేశాన్ని టీకాల బృందం ఊరికి వచ్చే రోజునే పెట్టి, సభ్యులు రాలేదని గొణిగే పాలకవర్గాలున్నాయి. తప్పు రానివారిది కాదని మా అభిప్రాయం. నోటీసు రాసేముందు పశువైద్యశాలకు, ఆరోగ్య కేంద్రానికి ఒక ఫోను చేస్తే సరిపోతుంది.

పొదుగు పెట్టిన తేదీకీ, రోగం పెట్టిన తేదీకీ పోటీ వచ్చినప్పుడే నిజమైన చిక్కు. పరీక్షకుడు ఒక్కడే ఉన్న సంఘంలో ఆయన ఆసుపత్రికి పోతే ఆ పూట వెన్న శాతం చూసేవారుండరు. ఆ పూట పాలు ప్రైవేటు ఏజెంటు దగ్గరకు పోతాయి, కొన్ని ఇళ్లు తిరిగి రావు. అందుకే ఆయన కాటు మీద గుడ్డ చుట్టుకుని వచ్చి కూర్చుంటాడు. అది గొప్ప సేవ అని మెచ్చుకునే అధ్యక్షులను చూశాం. మెచ్చుకోవడం కంటే రెండవ మనిషిని తయారుచేయడం మేలు. పాలు పోయడానికి రోజూ వచ్చే ఆడవారిలో లెక్క తెలిసినవారు ప్రతి ఊళ్లో ఉంటారు. నమూనా తీయడం, యంత్రం శుభ్రం చేసి నడపడం, పట్టీ రాయడం ఒకరికి నేర్పించి, నెలలో కొన్ని పూటలు నిజంగా వారి చేతనే చేయించాలి. అవసరం వచ్చిన రోజున మొదటిసారి యంత్రం ముట్టుకునేవారు అక్కరకు రారు. ఆ పూటలకు కూలి కూడా ఇవ్వాలి. ఊరికే చేయమంటే రెండవసారి రారు.

పైన చెప్పిన సోమవారం కాటు కేసులో సంఘం చేయవలసినవి ఇవి. సోమవారమే 3, 7, 14, 28 రోజుల తేదీలు పాలకేంద్రం గోడమీది క్యాలెండరులో ఎర్ర సిరాతో గుర్తుపెట్టాలి, ఆసుపత్రి ఏ తేదీలు చెప్పిందో చీటీ చూసి సరిచూసుకోవాలి. బుధవారం సాయంత్రం రిజిస్టర్లు, నగదు పుస్తకం, బీరువా తాళం కార్యదర్శి సంతకం తీసుకుని అప్పగించాలి. గురువారం ఉదయం పూట పాలు రెండవ మనిషి తీసుకుంటారు. ఆడిటరు గారికి ఒక రోజు ముందే సంగతి చెబితే, పరీక్షకుడు లేకుండా చూడగల పుస్తకాలు ముందు చూస్తారు. ఆసుపత్రి నుంచి ఆయన మధ్యాహ్నానికి తిరిగి వస్తే మిగిలిన ప్రశ్నలు అప్పుడు అడుగుతారు. రాకపోతే శుక్రవారం అడుగుతారు.